భూగర్భంలో ఆకాశాన్ని వెతికించిన హోమీ భాభా

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర టాటా పరిశోధన సంస్థకు ఒక బెలూన్ కేంద్రం ఉంది. అక్కడ వదిలే బెలూన్లు 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, పరికరాల పెట్టెను పారాచూట్‌తో కిందికి దింపుతాయి. ఆ పెట్టె కనిపిస్తే తెరవవద్దని, పోలీసులకు కబురు చేయమని పత్రికల్లో ప్రకటనలు వస్తుంటాయి. దిగే అవకాశమున్న జిల్లాల్లో మన నల్గొండ, మహబూబ్‌నగర్ పేర్లూ ఉంటాయి. మన ఇళ్లలో గుబ్బారా అంటే పిల్లల ఆటవస్తువే. ఈ గుబ్బారాల వెనుక ఉన్న మనిషి గురించి ఈ వారం చెప్పదలచాము.

ఆయన డాక్టర్ హోమీ జహంగీర్ భాభా. అణుశక్తి భాభాగా అందరికీ తెలుసు. కానీ ఆయన అసలు చదువు అణు విద్యుత్తు కాదు, ఆకాశం నుంచి కురిసే విశ్వకిరణాలు.

1909 అక్టోబర్ 30న బొంబాయిలో సంపన్న పార్శీ కుటుంబంలో జన్మించారు. మేనత్త టాటాల కోడలు. ఇంజనీరింగ్ చదివి జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో చేరాలని పెద్దల కోరిక. కుర్రవాడి మనసేమో గణితం మీద. ఇంజనీరింగ్‌లో ఫస్టు క్లాసు తెచ్చుకుంటే గణితం చదివిస్తానని తండ్రి షరతు పెట్టారు. 1930లో కేంబ్రిడ్జిలో ఆ షరతు నెరవేర్చి, తన దారి పట్టారు. పిల్లల చదువు విషయంలో పంతాలకు పోయే తల్లిదండ్రులు ఈ ఒప్పందాన్ని గమనించాలి.

అంతరిక్షం నుంచి వచ్చే కణం గాలిని ఢీకొంటే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నేల చేరేసరికి కణాల జడివాన అవుతుంది. దీని లెక్కను 1937లో హైట్లర్ అనే శాస్త్రవేత్తతో కలిసి భాభా తేల్చారు. 1939లో సెలవులకు ఇండియా వచ్చారు. యూరప్‌లో యుద్ధం మొదలవడంతో తిరిగి వెళ్లలేక బెంగుళూరులో సి.వి.రామన్ పనిచేస్తున్న సంస్థలో చేరారు. 1945లో టాటా పరిశోధన సంస్థను స్థాపించారు. ఆ ఏడాదే అది బొంబాయికి మారి, ఆయన పుట్టిన మేనత్తగారి బంగళాలోనే నడిచింది.

అప్పటి నుంచి ఫైళ్లు, సమావేశాలు ఆయన స్వంత పరిశోధనను మింగేశాయి. దేశానికి ఇది లాభమా, నష్టమా అంటే రెండూ అనే అంటాము. అయితే ఒక సంగతి ఆయన మరువలేదు. కణాలను వేగంగా తోలే యంత్రాలకు కోట్లు కావాలి, ఆకాశం అదే పనిని ఉచితంగా చేస్తోంది. 1960ల ఆరంభంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ నుంచి బెలూన్లు ఎగిరాయి. మన ప్రాంతం భూఅయస్కాంత మధ్యరేఖకు దగ్గర కాబట్టి, తక్కువ శక్తి గల కణాలను భూమి అయస్కాంతమే పక్కకు తోసేస్తుంది, గట్టివే లోపలికి వస్తాయి.

పైకి పంపినట్టే కిందికీ పంపారు. 1950ల ఆరంభంలో ఆయన సూచనతో శ్రీకాంతన్ కోలార్ బంగారు గనుల్లో పరికరాలు దింపారు. తరువాత మియాకే, నరసింహం, రమణమూర్తి సుమారు 2,700 మీటర్ల లోతులో రెండు నెలలు కాచుకున్నా ఒక్క మ్యూయాన్ కణం కూడా తగలలేదు. వట్టి చేతులతో వచ్చినట్టు అనిపిస్తుంది గానీ, అదే గొప్ప ఫలితం. అంత నిశ్శబ్దం ఉన్నచోట న్యూట్రినోను పట్టవచ్చు. న్యూట్రినోకు భూగోళం కూడా అడ్డు కాదు, ఎప్పుడో ఒకటి మాత్రం రాతిని ఢీకొని మ్యూయాన్‌ను పుట్టిస్తుంది. పక్కవాటుగా వచ్చే మ్యూయాన్ కనిపిస్తే అది న్యూట్రినో పనే, ఎందుకంటే అడ్డంగా అంత రాయిని మ్యూయాన్ దాటలేదు.

1965లో 2.3 కిలోమీటర్ల లోతున ఒసాకా, డర్హమ్ విశ్వవిద్యాలయాలతో కలిసి అలాంటివాటిని పట్టారు. దక్షిణాఫ్రికా బంగారు గనిలో రైన్స్ బృందం ముందే చూసింది, కాని ఆగస్టులో పత్రికలో ముందు అచ్చయింది కోలార్ వారిదే. విశ్వకిరణాలు మన గాలిలో పుట్టించిన న్యూట్రినోలు దొరకడం ప్రపంచంలో అదే మొదలు.

ఐదు నెలలకే, 1966 జనవరి 24న, భాభా ప్రయాణిస్తున్న ఎయిరిండియా విమానం ఆల్ప్స్ పర్వతాల్లో మోబ్లా శిఖరం వద్ద కూలింది. 117 మందీ మరణించారు. ఆయన వయసు 56. పెళ్లి చేసుకోలేదు.

1975లో కోలార్ బృందం మరో విచిత్రాన్ని ప్రకటించింది. కొన్ని జాడలు రాతిలో కాక, ఖాళీ గాలిలో మొదలైనట్టు కనిపించాయి. ఎవరికీ తెలియని బరువైన కొత్త కణం విరిగిందేమోనని అనుమానించారు. పెద్ద యంత్రాల్లో వెతికినా అది దొరకలేదు, ఆ చిక్కు నేటికీ పూర్తిగా వీడలేదు.

ఆ వెతుకులాట ఇప్పుడు వేరే చోట్ల సాగుతోంది. దక్షిణ ధ్రువం మంచులో 5,160 కాంతి గ్రాహకాలు పాతిన ఐస్‌క్యూబ్ 2013లో సౌరకుటుంబం అవతలి నుంచి వచ్చిన న్యూట్రినోలను ప్రకటించింది. మధ్యధరా సముద్రం అడుగున 2023 ఫిబ్రవరి 13న చిక్కిన ఒక న్యూట్రినో శక్తి, జెనీవా యంత్రంలో తిరిగే ప్రోటాన్ శక్తికి సుమారు ముప్పై వేల రెట్లు. ఇంత శక్తి గల న్యూట్రినోలు భూమిలో ఇంకిపోయే లెక్క తెలిసిన సూత్రాలకు తప్పితే, కొత్త కణాలున్నట్టే. ఇప్పటివరకు ఐస్‌క్యూబ్ కొలతల్లో తప్పలేదు.

కోలార్‌లో ప్రయోగాలు 1990లలో ఆగాయి. 2001లో గనులే మూతపడ్డాయి. పంపులు నిలిచి లోపల నీరు నిండింది.