చుక్కల అచ్చుకు లెక్క చెప్పిన ఉపేంద్రకిశోర్

- గురువు లేకుండానే హాఫ్‌టోన్ విద్యలో నైపుణ్యం
- తన బొమ్మలు పాడైనందుకే ఆ విద్యపై దృష్టి
- డిసెంబర్ 20న వర్ధంతి

దినపత్రికలోని ఛాయాచిత్రాన్ని భూతద్దం కింద ఉంచి చూస్తే ముఖం కనిపించదు. చిన్నవీ పెద్దవీ అయిన చుక్కలు మాత్రమే కనిపిస్తాయి. ఆ చుక్కలు ఎలా ఏర్పడతాయో కలకత్తాలో కూర్చుని లెక్కగట్టి, లండన్ ముద్రణ నిపుణులకు వివరించిన భారతీయుడు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి. తెలుగు పాఠకులలో అధికులకు ఆయన చలనచిత్ర దర్శకుడు సత్యజిత్ రాయ్ తాతగారిగానే పరిచితులు. బెంగాలీ బాలసాహిత్య నిర్మాతగా మరికొందరు ఎరుగుదురు. ముద్రణ కళలో ఆయన సాగించిన సాధన మాత్రం అంతగా ప్రచారానికి నోచుకోలేదు. 1915 డిసెంబర్ 20న కన్నుమూసిన ఆ కృషీవలుని జీవితంపై ప్రత్యేక కథనం.

బాల్యం, విద్యాభ్యాసం

ఉపేంద్రకిశోర్ 1863 మే నెలలో నాటి మైమన్‌సింగ్ జిల్లా మసువా గ్రామంలో జన్మించారు. ఆ గ్రామం నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు కామదారంజన్. సంతానం లేని బంధువు, జమీందారు హరికిశోర్ రాయ్ చౌధురి పసితనంలోనే ఆయనను దత్తత తీసుకుని పేరు మార్చారు. మైమన్‌సింగ్ జిల్లా పాఠశాలలో చదువుకుంటున్న నాటి నుంచే ఆయనకు చిత్రలేఖనం, సంగీతం అంటే మక్కువ. ఉన్నత విద్యకై కలకత్తా చేరి 1884లో పట్టభద్రులయ్యారు. అక్కడే బ్రహ్మసమాజంలో చేరారు. సంఘ సంస్కర్త ద్వారకానాథ్ గంగూలీ కుమార్తె విధుముఖిని వివాహమాడారు. వయొలిన్, పఖవాజ్ వాయించడంలో దిట్టగా పేరొందారు. జమీందారీ వైభవంలో హాయిగా కాలం గడిపే అవకాశం ఉన్నా ఆయన మనసు పుస్తకాలపై, బొమ్మలపై లగ్నమయింది.

పాడైన బొమ్మలే పాఠం

పిల్లల కోసం ఆయన సరళమైన బెంగాలీలో రామాయణం రచించారు. బొమ్మలు కూడా స్వయంగా గీశారు. ఆ రోజుల్లో చిత్రాన్ని అచ్చు వేయాలంటే దానిని కొయ్య దిమ్మెపై చెక్కించవలసి ఉండేది. చిత్రకారుడు గీసినది ఒకటి, చెక్కే పనివాని ఉలి కింద మిగిలేది మరొకటి. ఆయన గీసిన సున్నితమైన రేఖలు, వెలుగునీడలు కొయ్య అచ్చులో రూపు మాసిపోయాయి. అచ్చయిన పుస్తకం చూసి ఆయన తీవ్ర అసంతృప్తికి లోనయ్యారు.

నింద పనివానిపై మోపి ఊరుకుంటే కథ అంతటితో ముగిసేది. చిత్రకారునికీ కాగితానికీ నడుమ మరొకరి చేయి అడ్డు రాని పద్ధతి ఏదైనా ఉన్నదా అని ఆయన అన్వేషించారు. పాశ్చాత్య దేశాలలో అప్పుడప్పుడే వ్యాపిస్తున్న హాఫ్‌టోన్ విధానం ఆయన దృష్టికి వచ్చింది. లండన్‌లోని పెన్రోస్ సంస్థ నుంచి పుస్తకాలు, కెమెరా, ఇతర సామగ్రి తెప్పించుకున్నారు. 1895లో సొంత సంస్థను నెలకొల్పారు. అదే కాలక్రమంలో యు.రాయ్ అండ్ సన్స్‌గా ప్రసిద్ధికెక్కింది. ఆ విద్యను నేర్పే గురువు ఆయనకు దొరకలేదు. పుస్తకమే గురువు, చీకటి గదే పాఠశాల అయ్యాయి.

వెలుతురే ఉలి

అచ్చుయంత్రానికి నలుపు, తెలుపు తప్ప నడిమి ఛాయలు తెలియవు. సిరా అంటితే నలుపు, అంటకపోతే తెలుపు. బూడిద రంగు కనిపించాలంటే కంటిని భ్రమింపజేయాలి. అందుకు చుక్కలే సాధనం. నీడ ఉన్నచోట పెద్ద చుక్కలు, వెలుగు ఉన్నచోట చిన్న చుక్కలు పడితే దూరం నుంచి చూసే కంటికి అన్ని ఛాయలూ ఉన్నట్లు తోస్తుంది.

ఈ చుక్కలను చేతితో పెట్టరు. కెమెరాలో నెగెటివ్ పలకకు కొద్ది ఎడంగా, అడ్డంగా నిలువుగా సన్నని గీతలున్న గాజు తెరను అమర్చుతారు. దాని గుండా ప్రసరించిన వెలుతురు పలకపై చుక్కలుగా పడుతుంది. పిదప నెగెటివ్‌పై ఉన్న కొలోడియన్ పొరను గాజు నుంచి జాగ్రత్తగా ఒలిచి, తిరగవేసి మరో గాజుపై పరుస్తారు. అట్లు చేయకుంటే అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. చేప జిగురులో బైక్రోమేట్ లవణం కలిపి పూసిన రాగి పలకపై ఆ నెగెటివ్‌ను ఉంచి వెలుతురు సోకనిస్తారు. వెలుతురు తగిలిన జిగురు గట్టిపడుతుంది. తగలనిది నీటిలో కొట్టుకుపోతుంది. మిగిలిన పూతను కాల్చి, పలకను ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ఉంచితే జిగురు లేనిచోట లోహం కరిగి, చుక్కలు ఎత్తుగా నిలుస్తాయి. ఆ పలకను కొయ్యకు బిగించి అక్షరాల సరసన పేర్చితే బ్లాకు సిద్ధమైనట్లే.

చెప్పినంత సులభం కాదు ఈ పని. వాతావరణంలోని వేడి, తేమ జిగురు గుణాన్ని మార్చివేస్తాయి. తెరకూ పలకకూ మధ్య దూరం వెంట్రుకవాసి తప్పినా చుక్క చెదురుతుంది. కటకం ముందుండే రంధ్రం ఆకారం, పరిమాణం కూడా చుక్క తీరును నిర్ణయిస్తాయి. అనేకులు అనుభవం మీద, అంచనాతో ఈ పని నెట్టుకొచ్చేవారు.

అంచనా స్థానంలో గణితం

ఉపేంద్రకిశోర్ గొప్పతనం ఇక్కడే ఉంది. చేయి తిరగడంతో ఆయన తృప్తి చెందలేదు. కారణం తెలుసుకోగోరారు. తెరలోని ఒక్కొక్క గడినీ సూదిబెజ్జపు కెమెరాగా భావించి, కాంతి అందులోంచి ఎలా సాగుతుందో రేఖాగణితంతో వివరించారు. తెరను ఎంత దూరంలో నిలపాలో లెక్కతో తేల్చారు. దానిని తగిన స్థానంలో నిలిపే పరికరాన్ని రూపొందించారు. గీతలు 60 డిగ్రీల కోణంలో ఖండించుకునే తెరపైనా, ఒకటికి మించిన రంధ్రాల వినియోగంపైనా పరిశోధనలు సాగించారు.

ఆ ఫలితాలను 1897 నుంచి 1912 వరకు పెన్రోస్ వార్షిక సంచికలో వ్యాసాలుగా వెలువరించారు. ముద్రణ రంగంలో అది నాడు అగ్రశ్రేణి ప్రచురణ. పాలితుల దేశం నుంచి, ఏ సాంకేతిక కళాశాల గడప తొక్కని వ్యక్తి రాసిన సిద్ధాంతాన్ని పాలకుల దేశపు నిపుణులు చదివి గౌరవించారు. సామగ్రి అక్కడి నుంచి ఇక్కడికి రాగా, జ్ఞానం ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లింది.

రామానంద ఛటర్జీ సంపాదకత్వంలోని ప్రవాసి, మోడరన్ రివ్యూ పత్రికలలో ప్రసిద్ధ చిత్రకారుల కృతులు రంగులలో వెలువడడానికి ఉపేంద్రకిశోర్ బ్లాకులు తోడ్పడ్డాయి. రాజభవనాల గోడలకు పరిమితమైన చిత్రం సామాన్య చందాదారుని ఇంటికి చేరింది.

కుమారునికి దక్కిన బడి

తనకు లభించని శిక్షణ కుమారునికి అందింది. పెద్ద కుమారుడు సుకుమార్ రాయ్ 1911లో ఉపకార వేతనంపై ఇంగ్లండ్ వెళ్లి, లండన్‌లోను, మాంచెస్టర్‌లోను ఫొటో ముద్రణ, లితోగ్రఫీ అభ్యసించి 1913లో తిరిగివచ్చారు. అదే ఏడాది ఉపేంద్రకిశోర్ పిల్లల మాసపత్రిక సందేశ్‌ను ప్రారంభించారు. రచన, చిత్రం, బ్లాకు, అచ్చు అన్నీ ఒకే కుటుంబం చేతుల మీదుగా సాగాయి. ఎవరి ఉలి కిందనో బొమ్మ చెడిపోతుందన్న బెంగ తీరింది. 1914లో గార్పార్ రోడ్డులో ఇల్లు, ముద్రణాలయం ఒకే కప్పు కింద వెలిశాయి.

ఆ సౌభాగ్యం ఎంతో కాలం నిలువలేదు. మధుమేహంతో బాధపడుతూ ఉపేంద్రకిశోర్ 52వ ఏట పరమపదించారు. బాధ్యత స్వీకరించిన సుకుమార్ సైతం కాలాజార్ వ్యాధితో 1923లో, 35 ఏళ్ల వయసులోనే కన్నుమూశారు. నాటికి ఆయన కుమారుడు సత్యజిత్‌కు మూడేళ్లు కూడా నిండలేదు. కొద్ది సంవత్సరాలకే సంస్థ మూతపడింది. ఇల్లు కూడా చేజారింది.

యంత్రాలు పోయినా విద్య పోలేదు. సత్యజిత్ రాయ్ చిత్రకారునిగా పుస్తకాలకు అట్టలు, బొమ్మలు వేసి జీవనం ఆరంభించారు. 1961లో సందేశ్‌ను పునరుద్ధరించారు. తాత రాసిన గూపీ, బాఘాల కథను 1969లో చలనచిత్రంగా మలిచారు.

మన ముంగిట్లోనూ ఆ చుక్కలే

ఆఫ్‌సెట్ యంత్రాలు వచ్చే వరకు తెలుగు జిల్లాల ముద్రణాలయాలలోనూ ఫొటో అచ్చు కావాలంటే బ్లాకు చేయించవలసిందే. సీసపు అక్షరాల నడుమ ఆ లోహపు పలకను బిగించిన కంపోజిటర్లు ఆ పని మరువరు. బ్లాకులు కనుమరుగైనా, చుక్కలతో ఛాయలను పలికించే సూత్రం నేటి ఆఫ్‌సెట్ ముద్రణలోనూ కొనసాగుతోంది. ఒక పుస్తకంలో బొమ్మలు చెడినందుకు విచారించి, ఆ విచారాన్ని విద్యగా మార్చుకున్న ఉపేంద్రకిశోర్ జీవితం, గురువు లేడని, బడి దూరమని వెనుకంజ వేసే గ్రామీణ విద్యార్థులకు నేటికీ మార్గదర్శకం.