ఆకలి తెచ్చిన ఉన్మాదము: డాక్టర్ గోల్డ్‌బెర్గర్ జీవితము

ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమున ఒక వింత రోగము పెచ్చు పెరిగినది. వసంతము రాగానే చేతుల మీద, పాదముల మీద, మెడ చుట్టును, ఎండ తగులు చోట్లనెల్ల చర్మము కందిపోయి, పొలుసులు కట్టి, నల్లబడేది. నోరు పూసి, విరేచనములు పట్టుకొనేవి. పిదప మనస్సు చెడేది. మొదట నిద్ర ఉండేది కాదు. అకారణమైన దిగులు కలిగేది. క్రమముగా మతిమరపు, భ్రమలు, ప్రేలాపన వచ్చేవి. అట్టివారిని బంధువులు పిచ్చాసుపత్రులలో చేర్చేవారు. పెక్కుమంది అక్కడనే కన్నుమూసేవారు. 1906లో అలబామా రాష్ట్రమున మౌంట్ వెర్నన్‌లోని నీగ్రోల ఉన్మాద చికిత్సాలయములో 88 మందికి ఈ రోగము రాగా, 57 మంది మరణించినారు.

దీని పేరు పెల్లగ్రా. ఇటలీ భాషలో ఆ మాటకు గరుకు చర్మమని అర్థము. స్పెయిన్ దేశపు వైద్యుడు గాస్పర్ కాసల్ 1735లోనే దీనిని గుర్తించినాడు. మొక్కజొన్న ప్రధానాహారమైన ప్రాంతములలో ఇది కనబడుట ఆనాటి నుండి అందరు ఎరిగినదే. బూజు పట్టిన మొక్కజొన్నలోని విషమే కారణమని కొందరు వైద్యులు తలచినారు. ఇది అంటురోగమని, ఏదో క్రిమి వలన వచ్చుచున్నదని మరికొందరు వాదించినారు. పాశ్చర్, కోక్ మొదలగువారి విజయములు చూచిన కాలమది. ప్రతి రోగమునకు వెనుక ఒక క్రిమి ఉండి తీరవలెనని వైద్యలోకము నమ్ముచుండేది. కొన్ని ఆసుపత్రులు పెల్లగ్రా రోగులను లోపలికి రానీయలేదు. రోగి ఉన్న ఇంటివైపు ఇరుగుపొరుగువారు పోయేవారు కారు.

ఈ చిక్కుముడిని విప్పినవాడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్. ఆయన 1874 జూలై 16న నాటి హంగరీ రాజ్యములోని గిరాల్ట్ అను పల్లెలో ఒక యూదు కుటుంబమున జన్మించినాడు. ఆ పల్లె నేడు స్లొవేకియా దేశములో ఉన్నది. గొర్రెల మందను తెగులు తుడిచిపెట్టగా, తండ్రి కుటుంబమును వెంటబెట్టుకొని 1883లో అమెరికాకు వలసపోయినాడు. న్యూయార్కులో పేదలు క్రిక్కిరిసి నివసించు తూర్పు పేటలో చిన్న కిరాణా దుకాణము పెట్టినాడు. సరుకుల మూటలు ఇండ్లకు చేరవేయుట బాలుడైన జోసెఫ్ పని. ఇంజనీరు కావలెనని కళాశాలలో చేరినవాడు, ఒకనాడు స్నేహితునితో కలసి ఒక వైద్యాచార్యుని ఉపన్యాసము వినిన పిదప మనస్సు మార్చుకొని, 1895లో బెల్‌వ్యూ వైద్య కళాశాల నుండి పట్టము పుచ్చుకొన్నాడు.

చిన్న పట్టణమున సొంత వైద్యము ఆయనకు రుచించలేదు. 1899లో ప్రభుత్వపు నావిక వైద్యశాఖలో చేరినాడు. రేవులో దిగు వలసదారులను పరీక్షించుటతో మొదలైన ఆ ఉద్యోగము ఆయనను మెక్సికో, ప్యూర్టోరికో, లూసియానా, టెక్సాస్ ప్రాంతములకు త్రిప్పినది. ఏ రోగమును వెదకుటకు వెళ్ళితే ఆ రోగమే ఆయనను పట్టుకొనేది. పచ్చజ్వరము వచ్చినది, డెంగ్యూ వచ్చినది, మెక్సికో నగరములో టైఫస్ వచ్చి చావు తప్పినది. ఇన్ని అంటురోగముల నడుమ తిరిగినవాడు గనుక, అంటుకొను రోగము ఎట్లు ప్రాకునో ఆయనకు బాగుగా తెలియును. పెల్లగ్రా అట్లు ప్రాకుట లేదని కనిపెట్టుటకు అక్కరకు వచ్చినది ఆ అనుభవమే.

1914లో ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి రూపర్ట్ బ్లూ పెల్లగ్రా పరిశోధనను ఆయనకు అప్పగించినాడు. గోల్డ్‌బెర్గర్ సూక్ష్మదర్శినితో ప్రారంభించలేదు. రైలెక్కి, రోగులున్న పిచ్చాసుపత్రులకును, అనాథ శరణాలయములకును తిరిగి, ఊరక చూచినాడు. ఉన్మాద చికిత్సాలయములలో రోగులు పదులకొద్ది పెల్లగ్రాతో పడి ఉన్నారు. వారిని ఎత్తి దించి, కడిగి, వారి నడుమనే రాత్రింబవళ్ళు మసలు దాదులకును, కావలివారికిని మాత్రము ఆ రోగము లేదు. క్రిమి అయితే అది యజమానిని, రోగిని ఏరి చూచుకొనునా? ఇరువురికి ఉన్న భేదము ఒక్కటే. పరిచారకుల భోజనములో పాలు, మాంసము, గ్రుడ్లు ఉన్నవి. రోగులకు పెట్టునది మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, నల్లని చెరకు పాకము.

మిసిసిపి రాష్ట్రపు జాక్సన్ నగరములోని అనాథ శరణాలయములలో మరియొక వింత కనబడినది. అక్కడ రోగము ఎక్కువగా ఆరు మొదలు పండ్రెండు సంవత్సరముల లోపు పిల్లలకే వచ్చుచున్నది. కారణము వంటశాలలో దొరికినది. ఆరేండ్ల లోపు పసివారికి పాలు పోయుదురు. పండ్రెండు దాటినవారు పనిచేయుదురు గనుక వారికి కొంత మాంసము దక్కును. పాలకు ఎదిగిపోయి, పనికి ఎదగని నడిమి పిల్లలకు ఏమియు లేదు. గోల్డ్‌బెర్గర్ ప్రభుత్వపు సొమ్ముతో వారికి పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడు గింజలు పెట్టించినాడు. మరుసటి వసంతమునకు రోగము ఆ శరణాలయములను దాదాపు విడిచిపోయినది. జార్జియా రాష్ట్ర ఉన్మాద చికిత్సాలయములో రెండు వార్డులకు అదే ఆహారము పెట్టించగా అక్కడను ఫలితము అట్లే వచ్చినది.

మంచి తిండితో రోగము పోవుట ఒక ఎత్తు. చెడ్డ తిండితో రోగము వచ్చునని చూపుట మరియొక ఎత్తు. 1915లో మిసిసిపి గవర్నరు సమ్మతితో, రాంకిన్ జైలు క్షేత్రములోని పండ్రెండుగురు ఆరోగ్యవంతులైన ఖైదీలు, విడుదల చేయుదురను షరతు మీద, పేదల తిండి తినుటకు ఒప్పుకొన్నారు. మొక్కజొన్న, బియ్యము, మైదా రొట్టెలు, చిలగడదుంపలు, చెరకు పాకము, కొద్దిపాటి ఆకుకూర, ఇవే వారి భోజనము. మొదట వేడుకగా తిన్నవారే కొన్ని నెలలకు నీరసించి, తల తిరుగుచున్నదని మొరపెట్టినారు. మధ్యలో ఒకడు తప్పుకొన్నాడు. మిగిలిన పదునొకండుగురిలో ఆరుగురికి పెల్లగ్రా వచ్చినది. అదే క్షేత్రములో మామూలు భోజనము తినుచున్న ఇతర ఖైదీలకు రాలేదు. ప్రాణముతో ఆడిన ఈ ప్రయోగమును నేటి వైద్యనీతి అంగీకరించదు. విడుదల ఆశ చూపి సమ్మతి పొందుట సమ్మతి కాదని ఇప్పుడు అందరును ఒప్పుకొందురు.

అయినను ప్రతిపక్షులు లొంగలేదు. క్రిమివాదులు ఆయన లెక్కలను తప్పుపట్టినారు. దక్షిణాది ప్రముఖులు తమ నేలను ఆకలి దేశమని నిందించుచున్నాడని మండిపడినారు. అప్పుడు గోల్డ్‌బెర్గర్ తన శరీరమునే సాక్ష్యముగా నిలిపినాడు. 1916 ఏప్రిల్‌లో ఆయనయు, సహోద్యోగి జార్జి వీలరును పెల్లగ్రా రోగుల రక్తమును తమ శరీరములలోకి సూదితో ఎక్కించుకొన్నారు. రోగుల ముక్కు, గొంతు స్రావములను తమ ముక్కులకు, గొంతులకు పూసుకొన్నారు. పిదప రోగుల చర్మపు పొలుసులను, మలమూత్రములను పిండిలో కలిపి, మాత్రలు చేసి మ్రింగినారు. తరువాత మరికొందరు స్వచ్ఛందముగా ముందుకు వచ్చినారు. వారిలో ఆయన భార్య మేరీ ఒకతె.

మేరీ ఫారర్ దక్షిణాదిలో పేరుగల క్రైస్తవ కుటుంబపు పిల్ల. ఇరు పక్షముల పెద్దలు వలదన్నను 1906లో ఆయనను వివాహమాడినది. భర్త సంవత్సరములో అధిక భాగము ఏదో ఒక రోగము వెంట ఊళ్ళు తిరుగుచుండగా, జీతము చాలీచాలని సంసారమును, బిడ్డలను ఆమెయే నెట్టుకొని వచ్చినది. మాత్రలు మ్రింగుటకు పురుషులు ఆమెను ఒప్పుకొనలేదు గాని, పెల్లగ్రా రోగి రక్తమును మాత్రము ఆమె కడుపులోనికి ఎక్కించినారు. మొత్తము పదునారుగురు ఈ పరీక్షలకు నిలిచినారు. ఒక్కరికి గూడ పెల్లగ్రా రాలేదు.

రోగము కంచములో ఉన్నదని తేలినది. ఆ కంచములో పాలు, మాంసము ఎందుకు లేవు? ఈ ప్రశ్నకు జవాబు వైద్యశాస్త్రములో దొరకదు. అందుచేత గోల్డ్‌బెర్గర్ అర్థశాస్త్రవేత్త ఎడ్గార్ సైడెన్‌స్ట్రికర్‌ను తోడు తెచ్చుకొని, 1916 నుండి దక్షిణ కరోలినా రాష్ట్రములో నూలుమిల్లుల పల్లెలను ఇల్లిల్లు పరిశీలించినాడు. ఎవరి ఆదాయమెంత, ఏ ఇంట ఏ సరుకు కొన్నారు, ఆవు ఉన్నదా, కూరతోట ఉన్నదా అని వ్రాసుకొన్నారు. ఆదాయము తగ్గినకొలది రోగము పెరుగుచున్నదని ఆ లెక్కలు స్పష్టముగా చూపినవి. ప్రత్తి తప్ప మరి యే పైరును వేయనీయని భూస్వాములు, అప్పు మీద సరుకులిచ్చు దుకాణములు, పాలికి సేద్యము చేయు పేదల మెడకు పడిన బాకీలు, ఇవన్నియు కలసి కంచమును ఖాళీ చేసినవని ఆయన గ్రహించినాడు.

1920లో ప్రత్తి ధర పడిపోగానే, మరుసటి యేడు పెల్లగ్రా విజృంభించునని ఆయన హెచ్చరించినాడు. 1921లో అధ్యక్షుడు హార్డింగ్ సహాయమునకు పిలుపు ఇవ్వగా, దక్షిణాది నాయకులు తమ ప్రాంతమునకు అవమానము జరిగినదని ఎదురు తిరిగినారు. కరవు ఉన్నదని ఒప్పుకొనుట కంటె జనము చచ్చుటయే పరువుగా తోచినది కాబోలు.

సమాజమును మార్చుట వైద్యుని చేతిలో లేదు. పేదకు అందుబాటులో ఉన్న మందునైనను వెదకవలెనని గోల్డ్‌బెర్గర్ పూనుకొన్నాడు. కుక్కలకు వచ్చు నల్లనాలుక జబ్బు పెల్లగ్రాకు తోబుట్టువని గ్రహించి, వాటిపై ఆహారములను ఒక్కొక్కటే పరీక్షించినాడు. మద్యము పులియబెట్టుటకు వాడు ఈస్టు ఎండించి కొద్దిగా పెట్టినచో రోగము కుదురునని కనుగొన్నాడు. 1927లో మిసిసిపి నది పొంగి లక్షలాది జనము గూడు లేనివారైనప్పుడు, రెడ్‌క్రాస్ సంస్థ ఆ ఈస్టును పంచి ఎందరి ప్రాణములనో కాపాడినది.

ఈస్టులోని ఆ వస్తువు ఏమిటో మాత్రము ఆయనకు దొరకలేదు. మాంసకృత్తులలోని ట్రిప్టోఫేన్ అను అంశమును 1920 తరువాత తన సహచరునితో కలసి ఒక రోగిపై ప్రయోగించి, గుణము కనుగొన్నాడు గాని, ఆ దారిని చివరికంట నడువలేకపోయినాడు. మూత్రపిండములకు సోకిన పుట్టకురుపుతో 1929 జనవరి 17న తన 54వ యేట మరణించినాడు. ఆయన చితాభస్మమును పొటోమాక్ నదిలో కలిపినారు. నోబెల్ బహుమానమునకు ఆయన పేరు ప్రతిపాదింపబడినను, బహుమానము రాలేదు.

1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కాన్రాడ్ ఎల్వేజెమ్ ఆ వస్తువును గుర్తించినాడు. అది నికోటినిక్ ఆమ్లము. రసాయనశాలల బీరువాలలో దశాబ్దములుగా సీసాలలో ఉన్నదే. మరుసటి సంవత్సరము నుండి దానిని పిచ్చాసుపత్రులలో వాడి చూడగా, ఎవరిని గుర్తుపట్టలేక ప్రేలాపించుచున్న రోగులు కొద్ది దినములలోనే తెలివి తెచ్చుకొని ఇంటివారి పేర్లు పలికినారు. శరీరము ట్రిప్టోఫేన్ నుండి నికోటినిక్ ఆమ్లమును తయారుచేసుకొనునని 1945లో రుజువైనది. గోల్డ్‌బెర్గర్ తట్టి విడిచిన తలుపు సరియైనదే. 1940 తరువాత పిండిలో ఈ విటమినును కలుపుట ఆరంభమైనది; బ్రతుకు తెరువులును మెరుగైనవి; దక్షిణాదిలో పెల్లగ్రా మాయమైనది. దీని మూలముగా అంతకు ముందు మరణించినవారు లక్ష మందికి పైగా ఉందురని అంచనా.

తెలుగుదేశమునకు ఈ చరిత్ర పరాయిది కాదు. దక్కను పీఠభూమిలో జొన్నయే తిండిగా బ్రతుకు పేదలలోను పెల్లగ్రా కనబడినది. కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ కొలుతూరు గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య దీనిని పరిశీలించి, జొన్నలో అధికముగా ఉన్న ల్యూసిన్ అను అంశము కారణము కావచ్చునని 1960లో ప్రకటించినారు. ఆ సిద్ధాంతముపై వాదములు నడిచినను, ఆ రోగులలో దిగులు, నిద్రలేమి, మనోవికారము వచ్చుట మాత్రము నిజము. మతి తప్పినవానిని దయ్యము పట్టినవాడుగా కట్టివేయు ముందు అతని గంజిలో ఏమున్నదో చూడవలెనని ఆ పరిశోధన నేర్పినది.

ఉన్మాదములన్నియు పోషక లోపమువలననే కలుగునని ఎవరును అనరు. 1950 తరువాత కెనడాలో కొందరు వైద్యులు స్కిజోఫ్రీనియాను ఇదే విటమినుతో కుదర్చవచ్చునని ఉత్సాహపడినారు గాని, తరువాతి పరీక్షలు వారి ఆశను నిలబెట్టలేదు. ఒక రోగములో నిజమైనది మరియొక దానికి వర్తించదు. అయినను మనస్సు శరీరమునకు వెలుపల ఎక్కడనో లేదని, దానికిని అన్నము కావలెనని ప్రపంచమునకు రుజువుతో చూపినవాడు గోల్డ్‌బెర్గర్. పిచ్చాసుపత్రిలో వేలకొలది మనుష్యులు పిచ్చివారు కారు, పస్తున్నవారని చెప్పుటకు ఆయన వలసిన ధైర్యము చూపినాడు. పస్తు ఎందుకు ఉన్నారని గూడ ఆయన అడిగినాడు; ఆ పస్తును తీర్చు పని మాత్రము తరువాతివారికి విడిచిపోయినాడు.