టామ్ కిల్‌బర్న్: యంత్రమునకు స్మృతి నొసగిన మేధావి

ఎంతటి నేర్పరియైన పనివాడైనను, చేతికి కావలసిన వస్తువు అందనిచో ఊరక కూర్చుండవలసినదే. కంప్యూటరునందలి ప్రాసెసరు అవస్థయు నిట్టిదే. లెక్క చేయుటలో అది మెరుపువంటిది. కాని లెక్కకు వలయు అంకెలను మెమరీ, అనగా యంత్రస్మృతి, అందించువరకు అది నిలిచిపోవును. యంత్రమునకు మొదట స్మృతిని సమకూర్చి, పిదప ఆ స్మృతికై యంత్రము వేచియుండు కాలమును తగ్గించుటకు పాటుపడిన మేధావి టామ్ కిల్‌బర్న్.

కిల్‌బర్న్ 1921 ఆగస్టు 11వ తేదీన ఇంగ్లండులోని డ్యూస్‌బరీ పట్టణమున జన్మించెను. కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలో గణితశాస్త్రము నభ్యసించి, 1942లో ప్రథమశ్రేణిలో పట్టము పొందెను. అది యుద్ధకాలము. ప్రభుత్వము ఆ యువకుని మాల్వర్నులోని రాడార్ పరిశోధనాలయమునకు పంపెను. అచ్చట ఫ్రెడరిక్ విలియమ్స్ అను సుప్రసిద్ధ ఇంజనీరు చేతిక్రింద అతడు పని నేర్చెను. ఎలక్ట్రానిక్సునందు స్వల్పకాల శిక్షణము మాత్రమే పొందివచ్చిన ఆ గణితవిద్యార్థి అనతికాలముననే గురువునకు కుడిభుజమయ్యెను.

యుద్ధానంతరము కంప్యూటరు నిర్మింప దలచిన వారందరికిని ఎదురైన ప్రశ్న యొక్కటే: అంకెలను దాచుట ఎట్లు? కాథోడ్ కిరణనాళపు తెరమీద విద్యుదావేశపు చుక్కలుగా వానిని నిలుపవచ్చునని విలియమ్స్ తలచెను. ఆ చుక్కలు క్షణములోపలనే మాసిపోవును. వానిని మరల మరల చదివి, మరల మరల వ్రాయుచుండుటయే ఉపాయము. 1946 చివర విలియమ్స్ మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా చేరగా, కిల్‌బర్న్ ఆయనను అనుసరించెను. మరుసటి సంవత్సరాంతమునకు ఒక నాళముపై 2,048 అంకెలను నిలుపగలిగిరి.

ఆ స్మృతిని పరీక్షించుటకై వారు నిర్మించిన చిన్న యంత్రమునకు బేబీ యని పేరు. 1948 జూన్ 21వ తేదీన కిల్‌బర్న్ స్వయముగా వ్రాసిన ప్రోగ్రాము దానిపై నడచెను. 2,62,144 అను సంఖ్యకు, అది తప్ప, మిక్కిలి పెద్ద భాజకమేదో కనుగొనుటయే దాని పని. 52 నిమిషములు శ్రమించి యంత్రము సరియైన సమాధానమిచ్చెను. ఎలక్ట్రానిక్ యంత్రము తన స్మృతిలో దాచుకొన్న ప్రోగ్రామును నడపుట లోకమున అదియే ప్రథమము.

స్మృతి లభించిన పిదప క్రొత్త చిక్కు పుట్టెను. వేగముగల స్మృతి ఖరీదైనది. చౌకయైనది మందగతి గలది. కావున కొద్దిపాటి శీఘ్రస్మృతికి తోడు పెద్ద అయస్కాంతపు డ్రమ్మును వాడుచుండిరి. దేనిని డ్రమ్ము నుండి తేవలెనో, దేనిని తిరిగి పంపవలెనో ప్రోగ్రాము వ్రాయువాడే నిర్ణయింపవలసి యుండెను. అసలు లెక్కకంటె ఈ సర్దుబాటే అతనికి తలనొప్పి యగుచుండెను.

1956లో కిల్‌బర్న్ మ్యూజ్ అను మహాయంత్రమునకు పూనుకొనెను. 1959లో ఫెరాంటి సంస్థ చేయికలిపిన పిదప దానికి అట్లాస్ అని పేరిడిరి. మాంచెస్టరు అట్లాసులో శీఘ్రస్మృతి 16,384 పదములు. డ్రమ్ములపై 98,304 పదములు. ఈ రెండును ఒకే స్మృతివలె ప్రోగ్రామునకు గోచరించునట్లు చేయుట కిల్‌బర్న్, అతని సహచరుల ఘనకార్యము. వర్చువల్ మెమరీ యని నేడు పిలువబడునది దీని సంతతియే. స్మృతిని 512 పదముల పుటలుగా విభజించిరి. కావలసిన పుట శీఘ్రస్మృతిలో లేనిచో, సూపర్‌వైజర్ అను పర్యవేక్షక ప్రోగ్రాము దానిని తెప్పించును. నేటి ఆపరేటింగ్ సిస్టములందలి కెర్నెలునకు అది పూర్వరూపము.

అసలు పరీక్ష ఇచ్చటనే. శీఘ్రస్మృతి 2 మైక్రోసెకండ్లలో పలుకును. డ్రమ్ముమీది పుట అందుటకు సగటున 6 మిల్లీసెకండ్లు, అనగా మూడువేల రెట్లు కాలము పట్టును. పుట లేని ప్రతిసారియు ప్రాసెసరు చేతులు ముడుచుకొన్నచో అంతటి యంత్రమువలన ప్రయోజనమేమి?

గ్రంథాలయమున చదువుకొను విద్యార్థి నిచ్చట ఉదాహరణముగా గ్రహింపవచ్చును. అతని బల్ల నిండియున్నచో, పాత పుస్తకమును బీరువాలో పెట్టి వచ్చినగాని క్రొత్తదానికి చోటుండదు. ఒక చోటు ఎల్లప్పుడును ఖాళీగా నుంచుకొన్నవాడు క్రొత్తదానిని వెంటనే తెచ్చుకొని, పాతదానిని తరువాత పంపును. అట్లాసు పాటించిన నియమమిదియే. శీఘ్రస్మృతిలో ఒక పుటకు చోటు ఖాళీగా నుంచిరి. పుట అడుగబడగానే డ్రమ్ము నుండి దానిని తెచ్చు పని మొదలగును. అది వచ్చులోపల, బయటికి పంపదగిన పుటను మరియొక చిన్న ప్రోగ్రాము ఎన్నుకొనును. ఏ పుట ఎంతకాలముగా ఊరకున్నది, ఇదివర కెంతకాలము ఊరకుండి మరల వాడబడినది అను లెక్కయే దాని కాధారము. డ్రమ్ముకై నిలిచిన ప్రోగ్రామును ప్రక్కనుంచి ప్రాసెసరును వేరొక ప్రోగ్రామునకు అప్పగించు ఏర్పాటును చేసిరి.

యంత్రము చేయు ఈ ఎన్నిక నిపుణుని ఎన్నికకు సాటిరాదని శంకించినవారు ఆనాడు పలువురుండిరి. 1962 డిసెంబరు 7న ప్రారంభమైన అట్లాసు 1971 వరకు మాంచెస్టరున పనిచేసి వారికి సమాధానమయ్యెను. నేటి లినక్స్ కెర్నెలు సైతము కొన్ని పుటలను ముందుగనే ఖాళీగా నుంచుకొని, అవి తరుగుచుండగా వెనుకనుండి నెమ్మదిగా మరికొన్నిటిని ఖాళీచేయుచుండును.

1964లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున వెలసిన కంప్యూటర్ సైన్సు శాఖకు కిల్‌బర్న్ తొలి అధ్యక్షుడయ్యెను. 1965లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1981లో పదవీవిరమణ చేసెను. ఆ సంవత్సరముననే భార్య ఐరీన్ మరణించెను. 1998లో బేబీ స్వర్ణోత్సవమునాడు దాని ప్రతిరూపము మరల నడచుటను కన్నులార చూచెను. 2001 జనవరి 17న మాంచెస్టరులో దివంగతుడయ్యెను.

అవసరము కలిగినపుడు చోటు వెదకుకొనుట సామాన్యుల పద్ధతి. అవసరమునకు ముందే చోటు సిద్ధపరచుకొనుట దూరదృష్టి. అట్లాసు నందలి ఆ ఒక్క ఖాళీపుట చెప్పు పాఠమిదియే.