ఆల్ఫ్రెడ్ మహారాజు

పూర్వము ఇంగ్లండు నేలిన ఆంగ్లో-శాక్సనుల చరిత్రలో యుద్ధములకు కొదువ లేదు. వానిలో ముఖ్యమైనది ఏదని యడిగిన పెక్కుమంది 1066 నాటి హేస్టింగ్సు యుద్ధమును చెప్పుదురు. వారి యేలుబడిని తుదముట్టించినది అదియే. కాని తుదముట్టుటకైనను ఏలుబడి అందాక నిలిచియుండవలెను గదా! దానిని నిలిపినది 878 నాటి ఎడింగ్టన్ యుద్ధము, గెలిచినవాడు ఆల్ఫ్రెడ్.

అతడు 849 ప్రాంతమున వెసెక్సు రాజునకు కడపటి కుమారుడుగా జన్మించెను. నలుగురన్నలుండగా అతనికి సింహాసనము దక్కునని ఎవరు తలంతురు? 865 లో డేనుల మహాసైన్యము ఓడలపై వచ్చి దిగినది. కొలది యేండ్లలో ఇరుగుపొరుగు రాజ్యములు కూలినవి. 871 లో అన్నదమ్ములు ఆష్‌డౌన్ కడ డేనుల నోడించిరి. ఆ గెలుపు పేరుగాంచినదే. కాని రెండు వారములకే బేసింగ్ కడ ఓటమి కలిగెను. ఆ వసంతముననే అన్న మరణింప ఆల్ఫ్రెడ్ రాజయ్యెను. యేడాది ముగియకమునుపే ధనమిచ్చి సంధి చేసికొనవలసి వచ్చెను.

878 జనవరిలో డేనుల నాయకుడు గుత్రం చిప్పెన్‌హాంపై హఠాత్తుగా విరుచుకుపడెను. ప్రజలు పలువురు లోబడిరి. కొందరు సముద్రము దాటిపోయిరి. ఆల్ఫ్రెడ్ కొద్దిమందితో సోమర్‌సెట్ చిత్తడినేలలలోని అథెల్నీ దిబ్బపై తలదాచుకొనెను. పశులకాపరి యింట రొట్టెలు మాడనిచ్చి ఇల్లాలిచే చీవాట్లు తినెనను కథ ఈ దినములదే. కథ తరువాతివారు అల్లినది కావచ్చును. రాజు పడిన దైన్యము మాత్రము అల్లినది కాదు.

ఈస్టరు నాటికి అచట కోట కట్టెను. మే నెలలో చుట్టుప్రక్కల సీమల జనులు అతనిని కలిసికొనిరి. ఎడింగ్టన్ కడ ఓడి కోటలో దూరిన గుత్రమును 14 దినములు ముట్టడించి లొంగదీసెను. అతనిని చంపక, జ్ఞానస్నానమిప్పించి తానే జ్ఞానతండ్రియై నిలిచెను. గుత్రం ఈస్టు ఆంగ్లియాకు తరలి అచటనే స్థిరపడెను. 937 లో మనుమడు ఎథెల్‌స్టన్ బ్రునన్‌బర్ కడ గెలిచిన యుద్ధము ఇంతకంటె పెద్దది కావచ్చును. కాని ఎడింగ్టన్‌లో ఓడియున్నచో ఆ మనుమనికి ఏలుటకు రాజ్యమే మిగిలియుండెడిది కాదు.

దక్కిన శాంతిని ఆల్ఫ్రెడ్ వ్యర్థపుచ్చలేదు. కోటపట్టణములు కట్టించెను, నడివయస్సున లాటిను నేర్చి, గ్రెగరీ పోపు గ్రంథమును ప్రజల భాషలోనికి తెచ్చి బిషప్పులకు ప్రతులు పంపెను. బిషప్పు తనతో నుంచుకొనగోరిననో, ఎరువిచ్చిననో, నకలు వ్రాయుచున్ననో తప్ప పుస్తకమును దేవాలయమునుండి కదల్పరాదని నియమము పెట్టెను. 899 లో అతడు మరణించెను. వూస్టరు బిషప్పునకు పంపిన ప్రతి నేటికిని ఆక్సుఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున భద్రముగా నున్నది.