కొడుకు ముఖం చూడని శాస్త్రవేత్త – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

(పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరం)

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా ఒక మహనీయుని జీవితం వేస్తారు. అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి నాకంటే ముందు ఇక్కడ చదివిన అన్నలు ఎంతో బాగా రాశారు. ఈసారి వార్డెన్ సార్ నన్ను రాయమన్నప్పుడు నాకు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తుకొచ్చారు. ఆయనే ఎందుకు గుర్తుకొచ్చారో చివర్లో చెబుతాను.

తమ్ముళ్లారా! సుబ్బారావు గారి పేరు మీలో కొందరు విని ఉండకపోవచ్చు. కానీ ఆయన పని మీకు తెలుసు. బోదకాలు రాకుండా ఆశా అక్కలు ఇంటింటికీ తిరిగి, తమ కళ్ళ ముందే మింగమని ఇచ్చిన మాత్రలు గుర్తున్నాయా? అందులో డి.ఇ.సి. అనే మాత్ర ఆయన నడిపించిన పరిశోధనశాలలో పుట్టిందే. శరీరానికి శక్తి ఏ.టి.పి. ద్వారా అందుతుందని జీవశాస్త్రంలో మనం బట్టీ పడతాం కదా, ఆ ఏ.టి.పి.ని మొదట గుర్తించిన వారిలో ఆయన ఒకరు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగాలేక ఉద్యోగం ముందే వదులుకున్నారు. తల్లి వెంకమ్మ గారు. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. చదువు మీద ధ్యాస లేని సుబ్బారావు చిన్నతనంలోనే కాశీకి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి బయలుదేరాడు. తల్లి పట్టుకొచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. తల్లి తన నగలు అమ్మి చదివించింది. మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారి రాసి గట్టెక్కాడు. పదో తరగతిలో ఒక సబ్జెక్టు పోతే పుస్తకాలు అటక మీద పెట్టేసే తమ్ముళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, మెడికల్ కాలేజీలో చేరారు. ఒక దశలో సన్యాసం తీసుకుని రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు కానీ తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివేటప్పుడు గాంధీ గారి పిలుపు విని ఆపరేషన్ గదిలో ఖద్దరు గౌను వేసుకున్నారు. దాంతో తెల్లదొర అయిన ప్రొఫెసరుకు కోపం వచ్చింది. పరీక్షలు బాగా రాసినా చివరికి ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికొచ్చింది.

ఆయన చదువు ఖర్చుల్లో తోడు నిలిచిన వారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు. 1919లో ఆయన కూతురు శేషగిరి గారితో సుబ్బారావు గారికి పెళ్ళయింది. ఆ కాలంలోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో సొంత అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. అదే జబ్బు తనకూ వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. తెలియని జబ్బులకు మందు కనిపెట్టాలన్న పట్టుదల ఆయనకు అక్కడే మొదలైంది.

ప్రభుత్వ వైద్య ఉద్యోగం కోసం ప్రయత్నిస్తే రాలేదు. మద్రాసులోని ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. జీతం చిన్నదే, అయినా నిలకడైనది. ఇంతలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల చదువుకు సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ లేదు. అప్పటికి భార్య గర్భవతి.

తమ్ముళ్లారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఒక వైపు చేతిలో ఉద్యోగం, కడుపుతో ఉన్న భార్య. ఇంకో వైపు సముద్రాల అవతల చదువు. మామగారు డబ్బు ఇచ్చారు. కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది. కొన్నేళ్ళలో చదువు ముగించుకుని తిరిగి వస్తాననే ఆలోచనతోనే ఆయన ఓడ ఎక్కారు. 1920ల మొదట్లో బోస్టన్ చేరారు.

ఆయన వెళ్ళాక ఇక్కడ కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు, కళ్ళారా చూడలేదు.

బోస్టన్‌లో కూడా సుఖం లేదు. మన ఎల్.ఎం.ఎస్. అక్కడ డాక్టరుగా పనిచేయడానికి చెల్లలేదు. ఆస్పత్రిలో రాత్రి పూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేస్తూ పగలు చదువుకున్నారు. డిప్లొమా చేతికొచ్చాక తిరిగి వచ్చి ఉండవచ్చు. కానీ అప్పటికి హార్వర్డ్ బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర పరిశోధనలో పడ్డారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రకటించారు. దానికే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పేరు. నేను ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్‌లో చేసింది అదే. ద్రావణంలో మాలిబ్డేట్ కలిపి, తర్వాత ఇంకో రసాయనం వేస్తే పరీక్షనాళికలో నీలి రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. నూరేళ్ళ కింద మన తెలుగాయన చూసిన నీలం ఇదే కదా అని ఆ రోజు నాకు ఒళ్ళు పులకరించింది.

ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో కనుక్కున్నారు. 1929లో ఏ.టి.పి. బయటపడింది. అదే సమయంలో జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా కనుక్కున్నాడు. 1930లో సుబ్బారావు గారికి పిహెచ్.డి. వచ్చింది. అప్పటికి ఆయన వయసు 35. ఇంత చేసినా హార్వర్డ్‌లో స్థిరమైన పదవి దొరకలేదు. పదేళ్ళు చూసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకు మారారు. యూనివర్సిటీ వదిలి కంపెనీకి పోతే పరిశోధన అయిపోయినట్టే అనుకునే వారికి ఆయన జీవితమే జవాబు. ఎందుకంటే మనుషుల ప్రాణాలు నిలిపిన పనులన్నీ ఆ తర్వాతే జరిగాయి.

1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. తన అన్నదమ్ములను చంపిన స్ప్రూ జబ్బుకు పనికొచ్చే మందు అది. గర్భిణీ స్త్రీలకు ఆస్పత్రుల్లో ఇచ్చే మాత్రల్లో ఐరన్‌తో పాటు ఉండేది కూడా అదే. ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు పనిచేసే మందులను కూడా వాళ్ళు తయారు చేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు వాటిని రక్త క్యాన్సర్ వచ్చిన చిన్నపిల్లలకు వాడి, 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆ జబ్బు మందులకు లొంగడం మొదలైంది అప్పుడే. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. బోదకాలు మందు 1947లో, ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ 1948లో వెలుగులోకి వచ్చాయి. అదే 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, సుబ్బారావు గారు అమెరికాలో కన్నుమూశారు. మళ్ళీ సొంత గడ్డ మీద కాలు పెట్టలేదు. 1995లో, ఆయన పుట్టిన నూరేళ్ళకు, మన ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

నేను చదివిన పుస్తకాల్లో శేషగిరి గారి గురించి నాలుగు వాక్యాలకు మించి లేవు. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త దూరమయ్యాడు. బిడ్డను ఒంటరిగా కన్నది, ఒంటరిగానే పోగొట్టుకుంది. పాతికేళ్ళు గడిచినా భర్త రాలేదు. లోకానికి మందులు దొరికాయి, వాటి ఖరీదులో పెద్ద వాటా ఆమే కట్టింది. సుబ్బారావు గారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆనాడు ఓడ ప్రయాణానికే వారాలు పట్టేది, చేతిలో డబ్బు లేదు. అయినా ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు ఆమె పేరు దాటేసి పోవడం న్యాయం కాదు.

ఇప్పుడు నా సంగతి. మా బాపు పసుపు మార్కెట్‌లో హమాలీ. అమ్మ సీజన్‌లో పసుపు ఉడకబెట్టే దగ్గర, ఆరబోసే దగ్గర కూలికి పోతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. నాకు 23 ఏళ్ళు, చివరి సెమిస్టరు నడుస్తోంది, మూడు నెలల పాప ఉంది. హైదరాబాద్‌లో మందుల కంపెనీ ఉద్యోగంలో చేరమని బాపు అంటాడు. పరిశోధన వదలొద్దని మా సార్లు అంటారు. నా భార్య అడిగింది ఒక్కటే. పాప నడక నేర్చే రోజుకు నేను ఎక్కడ ఉంటానని అడిగింది. ఆ రాత్రి నాకు సుబ్బారావు గారు గుర్తుకొచ్చారు.

నలుగురం కూర్చుని లెక్కవేసుకున్నాం. ముందు ఎం.ఎస్సీ. పూర్తి చేయాలి. ఒక ఏడాది ఆర్మూర్‌లోనే ట్యూషన్లు చెబుతూ జె.ఆర్.ఎఫ్. పరీక్ష రాయాలి. ఆ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. వస్తే ముగ్గురం కలిసే పోతాం, ఒక గది కిరాయికి తీసుకుని ఉంటాం. రాకపోతే కంపెనీ ఉద్యోగంలో చేరతాను. దానికి సిగ్గుపడను, ఎందుకంటే సుబ్బారావు గారు కూడా కంపెనీలోనే పనిచేశారు. ఆనాడు ఆయనకు దొరకని వీలు ఈనాడు నాకు దొరికింది. దాన్ని పాడుచేసుకోకూడదు.

తమ్ముళ్లారా, సుబ్బారావు గారి నుంచి పట్టుదల నేర్చుకోండి. రెండుసార్లు తప్పినా మూడోసారి రాయండి. మీ చదువు గురించి పెద్ద నిర్ణయం తీసుకునే రోజు మాత్రం, దాని బరువు మోయబోయే వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. చదువు మనదే కావచ్చు, దాని ఖర్చు ఇంటిల్లిపాదిదీ.