దోర్నకల్ అజరయ్య గారు

మన పెద్దలు తెలుగు నాడు విడిచి వచ్చారు. అజరయ్య గారు తమిళులై యుండి తెలుగు నాటికి వెళ్లారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో జన్మించి, 1909లో సేవకై దోర్నకల్ చేరి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పు అయ్యారు.

తెల్లదొరల దేశాల్లో పుట్టిన చీలికలు మన పల్లెల్లో ఎందుకని వారి వేదన. 1919లో తరంగంబాడిలో ఇతర సేవకులతో కలిసి సంఘైక్యతకు పిలుపిచ్చారు. పాతికేళ్లకు పైగా ప్రయాసపడి 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది; వారు చూడలేదు.

అందులో మన బాప్టిస్టులు చేరలేదు. బాప్తిస్మమును గూర్చి మన మనస్సాక్షి వేరు, దానిని మేము తప్పుపట్టము. అయితే మనవారెవరైనా ఆ సంఘంవారి ఆరాధనకు వెళ్లివస్తే సంజాయిషీ అడగడం మాత్రం మాకు సమ్మతం కాదు.