తల్లి వ్రాసి దాచిన పుస్తకము
(ఎలిజబెత్ గాస్కెల్ జీవితమునుండి)

మన క్రైస్తవ కుటుంబములలో పెద్ద బైబిలు మొదటి తెల్లకాగితముమీద బిడ్డ పుట్టిన తేదీ, బాప్తిస్మపు తేదీ, బాప్తిస్మమిచ్చిన అయ్యగారి పేరు వ్రాసియుంచుట చాలమంది యెరిగిన అలవాటే. ఆ నాలుగు పంక్తులతో సరిపెట్టుకొనక, బిడ్డ పెద్దదై చదువుకొనవలెనని ఒక పుస్తకమునే వ్రాసి దాచిన తల్లి యొకతె ఇంగ్లాండు దేశములో నుండెను. ఆమెయే నవలా రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్. మేము వేదాంత కళాశాలలో చదివిన దినములలో ఆమె నవలల పేర్లు వింటిమి. ఆమె యొక సంఘకాపరి భార్యయనియు, పేరు ప్రఖ్యాతులు రాకమునుపే ఈ చిన్న పుస్తకము వ్రాసెననియు తరువాతనే తెలిసికొంటిమి. నవలల సంగతి సాహిత్యము తెలిసినవారు చెప్పగలరు. ఇచ్చట ఆ పుస్తకమును గూర్చియే ముఖ్యముగా వ్రాయదలచితిమి.

ఎలిజబెత్ 1810 సెప్టెంబరు 29వ తేదీన లండనులోని చెల్సీ ప్రాంతమున జన్మించెను. తండ్రి విలియం స్టీవెన్సన్ ఒకప్పుడు సంఘకాపరి. పిమ్మట ఆ పని విడిచి ప్రభుత్వ ఖజానా దస్తావేజులు భద్రపరచు ఉద్యోగములో చేరెను. బిడ్డకు పదమూడు నెలల ప్రాయమున తల్లి చనిపోయెను. తల్లి తోబుట్టువగు హన్నా లంబ్ ఆ పసిదానిని చెషైరు మండలములోని నట్స్‌ఫర్డ్ అను చిన్న పట్టణమునకు తెప్పించుకొని కన్నబిడ్డవలె పెంచెను. తండ్రి లండనులో మరల వివాహము చేసికొనెను. అప్పుడప్పుడు ఆ యింటికి వెళ్లినను ఎలిజబెత్‌కు అక్కడ సుఖము లేకపోయెను. ఒక్కగానొక్క అన్న జాన్ ఓడ కొలువులో చేరి, ఇండియాకు బయలుదేరిన ప్రయాణమునుండి తిరిగి రాలేదు. 1829లో తండ్రియు గతించెను.

హన్నా పెంపకములో ఏ లోపమును లేదు. అయినను కన్నతల్లి కొదువ కొదువయే. 1849లో ఎలిజబెత్‌కు ముప్పదియెనిమిదేండ్లు. నలుగురు కుమార్తెల తల్లి, నవల వ్రాసి పేరు పొందినది. ఆ సమయమున ఒక పెద్దమనిషి, ఆమె తల్లి ఏనాడో వ్రాసిన ఉత్తరములు కొన్ని తనయొద్ద నుండగా పంపెను. ఆమె వెంటనే కూర్చుండి ఆయనకు కృతజ్ఞత తెలుపుచు జాబు వ్రాసెను. తల్లి గుర్తుగా తనకు మిగిలినవి ఆ కాగితములేననియు, ఆమె చేయి సోకిన వస్తువొకటి దొరికిన చాలునని ఎన్నో పర్యాయములు కోరుకొంటిననియు, పసితనమున తల్లిని పోగొట్టుకొనినవారికి గాని ఆ ఆకలి తెలియదనియు అందులో తెలిపెను. ఈ సంగతి యెరిగినగాని, పదునాలుగేండ్లకు ముందే ఆమె తన బిడ్డకొరకు ఏల పుస్తకము మొదలుపెట్టెనో బోధపడదు.

1832 ఆగస్టు 30వ తేదీన ఆమెకు విలియం గాస్కెల్‌తో వివాహమాయెను. ఆయన మాంచెస్టరు నగరములో క్రాస్ స్ట్రీట్ ప్రార్థనామందిరపు కాపరి. వీరు యూనిటేరియన్ శాఖవారు. త్రిత్వ సిద్ధాంతము నంగీకరింపరు. ఆ విషయమున మనకును వారికిని పొత్తు లేదు. అయినను రోగులను పరామర్శించుట, ఆదివారపు పాఠశాల నడుపుట, వేళగాని వేళ తలుపు తట్టినవారి మొర వినుట ఏ శాఖలోనైనను ఒక్కటే గదా! కాపరి యింటిలో బిడ్డలు పెరుగుట యెట్టిదో మాబోటివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1833లో పుట్టిన మొదటి ఆడబిడ్డ మృతశిశువు. 1834 సెప్టెంబరు 12వ తేదీన మేరియాన్ జన్మించెను. 1835 మార్చి 10వ తేదీన, ఆ బిడ్డకు ఆరు నెలల ప్రాయమున, ఎలిజబెత్ డైరీ ప్రారంభించెను. పుస్తకమును బిడ్డకే అంకితము చేసినది. తన చేతితో ఇచ్చుటకు తాను బ్రదికి యుండనిచో, తల్లి ప్రేమకును, బిడ్డ గుణశీలములను గూర్చి తల్లి పడిన ఆరాటమునకును గుర్తుగా దానిని మేరియాన్ కొరకు భద్రపరచవలెనని మొదటి పుటలోనే కోరినది. ఆ చిన్నది ఒకనాడు తానును తల్లియైనయెడల, మరియొక తల్లి అనుభవము దానికి పనికివచ్చునేమో యని ఆశించినది.

ఇరువదినాలుగేండ్ల యువతి తన మరణమును ముందుపెట్టుకొని వ్రాయుట అతిశయముగా కనబడవచ్చును. కాని ఆ కాలపు మాంచెస్టరు బట్టల మిల్లుల పొగతోను, మురుగు సందులతోను నిండిన ఊరు. 1842లో వెలువడిన ప్రభుత్వ నివేదిక ప్రకారము అక్కడి పనివారి కుటుంబములలో మరణించువారి సగటు వయస్సు 17 సంవత్సరములు. ఉద్యోగస్థుల, కలవారి కుటుంబములలో సయితము 38 మాత్రమే. పసిబిడ్డల చావులవలన ఆ లెక్క అంత దిగజారినది. తల్లి మిగులునో, బిడ్డ మిగులునో ఎవరు చెప్పగలరు? అందుచేతనే, ఈ బిడ్డను విగ్రహముగా చేసికొనకుండునట్లు తనకు బలమిమ్మనియు, దేవుడు తిరిగి తీసికొన్నయెడల లోబడు మనస్సు నిమ్మనియు ఆమె మరల మరల ప్రార్థించినది.

ఇట్లనగా ఆ పుస్తకము నిండ ప్రార్థనలేయని యెంచరాదు. పండ్లు వచ్చుట, నడక నేర్చుట, కోపము, భయము, అన్నియు నున్నవి. శిశుపోషణను గూర్చిన గ్రంథములు తెప్పించుకొని భార్యాభర్తలిరువురును చదివెడివారు. చిక్కేమనగా ఆ గ్రంథములు ఒకదానితో నొకటి కలియవు. బిడ్డ యేడ్చి అడిగినదేదియు ఇయ్యరాదని ఒకటి. బిడ్డను ఏడ్వనీయుటయే హానియని ఇంకొకటి. తుదకు ఆమె తనకు తానే ఒక నియమము చేసికొనెను. బిడ్డ ఏడ్పు మొదలుపెట్టకముందే, ఇయ్యదగినదా కాదా యని తాను ఆలోచించుకొనవలెను. ఇయ్యదగినదైన వెంటనే ఇయ్యవలెను. కాదని తేల్చిన పిమ్మట ఎంత యేడ్చినను మాట మార్చరాదు. ఒకటిన్నర శతాబ్దము దాటినను ఇంతకన్న మంచి నియమము మాకెక్కడను కనబడలేదు.

మేరియాన్ కొంచెము పెద్దదై అక్షరములు దిద్దు దినములలో ఒక సంగతి జరిగెను. మొదటి అక్షరమగు ‘ఏ’ పలుకుమనగా పిల్ల మొండికెత్తెను. బుజ్జగించిరి, లాభము లేకపోయెను. అప్పుడు తండ్రి, పలుకననినప్పుడెల్ల చేతిమీద ఒక దెబ్బ వేయసాగెను. కొంతసేపటికి పిల్ల చక్కగా పలికెను. తండ్రి గెలిచెను గాని, పిల్లను పడుకొనబెట్టిన తరువాత ఆ యిరువురును కూర్చుండి ఏడ్చిరి. తాము చేసినది సరియైనదో కాదో తనకు తెలియదని ఎలిజబెత్ డైరీలో వ్రాసి, కానియెడల తమ్మును క్షమింపుమని మేరియాన్‌ను పేరుపెట్టి వేడుకొన్నది.

మేము ఈ భాగమును దాటిపోలేము. సామెతల గ్రంథములోని బెత్తము వచనము కంఠస్థము కాని తండ్రి మన సంఘములలో అరుదు. ఎఫెసీయుల పత్రికలో తండ్రులకు చెప్పబడినది మాత్రము అంత బాగుగా కంఠస్థమైనట్లు కనబడదు. బిడ్డ తప్పుల జాబితా వ్రాయుట సులభము. తల్లిదండ్రుల చేత తప్పు జరిగియుండవచ్చునని, దానికి తీర్పరిగా ఆ బిడ్డనే నిలిపి, పెద్దదైన తరువాత తీర్పు చెప్పుమని కాగితముమీద పెట్టుట వేరు. మూడేండ్ల పిల్లకు క్షమాపణ అర్థము కాదు. అందుకే దానిని అర్థమగు వయస్సువరకు దాచియుంచినది. డైరీ యంతటికిని ఈ నాలుగు మాటలే ప్రాణమని మా యభిప్రాయము.

ఆమె ప్రతిదినము వ్రాసినది కాదు. ఒక్కొక్కప్పుడు నెలలు, ఒకసారి సంవత్సరము పైగా గడచిపోయెను. ఇంటిపనులలో మునిగిన తల్లులు ఇది విని ధైర్యము తెచ్చుకొనవచ్చును. 1837 ఫిబ్రవరిలో రెండవ కుమార్తె మేటా పుట్టెను. మే 1వ తేదీన హన్నా లంబ్ కన్నుమూసెను. మేరియాన్‌ను ఉదయపు పూట శిశు పాఠశాలకు పంప నిశ్చయించినప్పుడు, త్వరగా చదువు వచ్చుటకు కాదనియు, విధేయతయు పట్టుదలయు అలవడుటకే యనియు వ్రాసినది. 1838 అక్టోబరుతో డైరీ ముగిసినది.

1844లో పుట్టిన కుమారుడు విల్లీ మరుసటి సంవత్సరము ఆగస్టు 10వ తేదీన, ఏడాది నిండకముందే, స్కార్లెట్ జ్వరముతో చనిపోయెను. కడుపుకోతతో నున్న భార్యను ఏదైనను పెద్ద రచనకు పూనుకొమ్మని భర్త ప్రోత్సహించెను. 1848లో పేరు లేకుండ వెలువడిన మేరీ బార్టన్ అను నవల ఆ ప్రోత్సాహ ఫలమే. మాంచెస్టరు పనివారి ఆకలియు, పసిపిల్లల చావులును అందులో నున్నవి. తరువాత క్రాన్‌ఫర్డ్, నార్త్ అండ్ సౌత్, 1857లో షార్లెట్ బ్రాంటి జీవితచరిత్ర వచ్చెను. అమెరికా యుద్ధమువలన ప్రత్తి రాక మిల్లులు మూతపడిన 1862లో, ఆమెయు కుమార్తెలును పనిలేని స్త్రీల సహాయార్థము అలసిపోవువరకు శ్రమించిరి.

విచిత్రమేమనగా, ఇతరుల జీవితచరిత్ర వ్రాసిన ఈమెకు తన చరిత్ర ఎవరైనను వ్రాయుట ఇష్టము లేదు. మేరియాన్‌కు వ్రాసిన జాబులనే కాల్చివేయుమని పలుమారులు చెప్పెను. 1865 నవంబరు 12వ తేదీన, భర్తకు తెలియకుండ హాంప్‌షైరులో కొనిన క్రొత్త యింట, కుమార్తెలతో మాటలాడుచుండగనే హఠాత్తుగా ప్రాణము విడిచెను. ఆమెకు ఏబదియైదేండ్లు, మేరియాన్‌కు ముప్పదియొకటి.

మరుసటి సంవత్సరము మేరియాన్ తమ బంధువులలోని థర్‌స్టన్ హాలండ్‌ను వివాహమాడి, తానును తల్లి యాయెను. ఆమె 1920లో గతించెను. 1923లో క్లెమెంట్ షార్టర్ అనునాయన ఆ డైరీని ఏబది ప్రతులు మాత్రము అచ్చువేయించెను. థర్‌స్టన్ తల్లి సోఫియాయు తన పిల్లల చిన్నతనమును గూర్చి ఇట్టి డైరీయే వ్రాసి యుంచినది. 1996లో ఆ రెండు డైరీలును కలిసి ఒకే సంపుటముగా వెలువడినవి.